జర్మనీకి నర్సుగా వచ్చి ఏడు నెలలు – ఒళ్ళు తుడవడానికేనా బీఎస్సీ చదివింది?

ఓరుగల్లు_పిల్ల:

అందరికీ నమస్తే. యూరప్‌లో పనిచేస్తున్న నర్సక్కలు ఎవరైనా ఉంటే దయచేసి చదవండి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి.

నాకు 27 ఏళ్ళు. మాది హనుమకొండ. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్ళు చేశాను. వెంటిలేటర్ పేషెంట్లను చూసుకున్నా. నరం దొరకని ముసలివాళ్ళకి కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) పెట్టాలంటే డ్యూటీ డాక్టర్లే నన్ను పిలిచేవాళ్ళు. గొప్పకి చెప్పట్లేదు, ఎందుకు చెప్తున్నానో కింద అర్థమవుతుంది.

ఏడాదిన్నర జర్మన్ నేర్చుకున్నా. బీ2 స్థాయి పరీక్ష రెండోసారికి పాసయ్యా. ఇప్పుడు ష్టుట్‌గార్ట్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊరి ఆసుపత్రిలో ఉన్నా. మన డిగ్రీకి ఇక్కడి గుర్తింపు ఇంకా పూర్తి కాలేదు, అందుకని జీతం, హోదా రెండూ హెల్పర్‌వే. అది ముందే తెలుసు. తెలియనిది పని.

పొద్దున ఆరింటికి డ్యూటీ. హ్యాండోవర్ (పోయిన షిఫ్టువాళ్ళు పేషెంట్ల సంగతి అప్పజెప్పడం) అవగానే గిన్నెలో నీళ్ళు, టవళ్ళు పట్టుకుని ఒక్కో గదికి వెళ్ళాలి. ఒళ్ళు తుడవడం, డైపర్ మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, పక్క సర్దడం, బ్రెడ్డుకి వెన్న రాసి తినిపించడం. ఒకరు కాదు, ఆరేడుగురు. తొమ్మిదిన్నరకల్లా నా నడుము నాది కాదు. రక్తం తీయడం, కాన్యులా పెట్టడం మా వార్డులో డాక్టర్ల పని. హైదరాబాద్‌లో తుడిచే పనంతా ఆయమ్మలు, పేషెంట్ తాలూకు వాళ్ళు చూసుకునేవాళ్ళు, నేను నిలబడి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ ఆయమ్మని నేనే.

పోయిన వారం ఇంకోటి జరిగింది. తుంటి ఆపరేషన్ అయిన తాత ఒకాయన మంచం అంచున కూర్చుని కాలు చూపిస్తూ ‘హేబెన్, హేబెన్’ అన్నాడు. హేబెన్ అంటే ఎత్తడం అని క్లాసులో నేర్పారు. ‘యా, యా’ అని కాలు ఎత్తా. ఆయన పెట్టిన కేకకి కారిడార్ మొత్తం వచ్చింది. ఆ కాలుని కదలకుండా పట్టుకోమన్నాడంట! మా సీనియర్ అందరి ముందూ ‘అర్థం కానప్పుడు యా అనకు’ అంది. కోపంగా కాదు, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. నేను బాత్రూంలోకి వెళ్ళి పది నిమిషాలు ఏడ్చా.

మా అమ్మేమో వీధిలో అందరికీ ‘మా పాప జర్మనీల ఐసీయూ చూసుకుంటది’ అని చెప్తోంది. వీడియో కాల్‌లో నేను కూడా అవునన్నట్టే ఊరుకుంటున్నా. కోర్సుకి, ప్రయాణానికి తెచ్చిన అప్పు ఇంకా ఉంది.

ఎవరిని అడిగినా ‘మైండ్‌సెట్ మార్చుకో’ అంటారు. ఏ స్క్రూ తిప్పితే మారుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మీకు మారిందా? ఎలా మారింది? లేక ఐర్లాండ్‌కో, యూకేకో ప్రయత్నించుకోవడం మేలా?

మ్యూనిక్_బ్యాచిలర్:

సిస్టర్, నేను ఐటీ, కాబట్టి నర్సింగ్ సంగతి తెలియదు. కానీ ‘యా, యా’ జబ్బు మాకూ ఉంది. వచ్చిన కొత్తలో మీటింగ్ ‘హాల్ప్ ఆహ్ట్’కి అన్నారు. ఆహ్ట్ అంటే ఎనిమిది, హాల్ప్ అంటే సగం, సరే ఎనిమిదిన్నర అనుకుని దర్జాగా వెళ్ళా. వీళ్ళ లెక్కలో అది ఏడున్నర. ఎనిమిదికి చేరడానికి సగం దారిలో ఉన్నామని అర్థమంట. గంట లేటు! మా మేనేజర్ ఒక్క మాట అనలేదు, గడియారం వైపు చూశాడంతే. అప్పటినుంచి ఎవరేం టైం చెప్పినా నేను అంకెల్లో తిరిగి చెప్తా, ‘ఏడు ముప్పై, కదా?’ అని.

ధైర్యంగా ఉండండి. మొదటి చలికాలం దాటితే సగం కష్టం పోతుంది. పాజిటివ్‌గా ఆలోచించండి.

నైట్‌డ్యూటీ_అక్క:

మ్యూనిక్ తమ్ముడూ, నీ గడియారం కథ బాగుంది. కానీ ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అన్నా ‘మైండ్‌సెట్ మార్చుకో’ అన్నా ఒకటేగా, ఆ అమ్మాయి వద్దన్నది సరిగ్గా దాన్నే :)

చెల్లీ, నేను 2018లో వచ్చా. మాది నరసరావుపేట దగ్గర. అంతకుముందు సౌదీలో నాలుగేళ్ళు చేశా. నువ్వు ఐసీయూ అన్నావు, నాకు అంతకంటే ఎక్కువ పొగరు ఉండేది, ఆపరేషన్ థియేటర్. ఇక్కడికొచ్చిన మూడో రోజు ఒక ముసలామెకి మలం తుడుస్తూ ‘దీనికా మా నాన్న అరెకరం అమ్మింది’ అనుకున్నా. కాబట్టి నీ బాధ నాకు కొత్త కాదు. నాకు ఎలా మారిందో చెప్తా. ఒక్కరోజులో మారలేదు, రెండు ఎదురుదెబ్బలు తగిలాక మారింది.

మొదటిది. తుడిచే పని తప్పించుకోడానికి నేనొక ఉపాయం కనిపెట్టా. ట్రైనీ పిల్లలు ఉంటారుగా, వాళ్ళని గదుల్లోకి పంపి నేను కంప్యూటర్ దగ్గర చార్టులు రాసేదాన్ని. చార్టులు రాయడం నర్సు పని, తుడవడం పిల్లల పని, ఇదీ నా లెక్క. ఒకరోజు మధ్యాహ్నం హ్యాండోవర్‌లో నాలుగో గది పెద్దావిడ గురించి చెప్తున్నా. బీపీ ఇంత, షుగర్ ఇంత, మందులు ఇచ్చాను అని. సాయంత్రం షిఫ్టు నర్సు అడిగింది, ‘చర్మం ఎలా ఉంది? మడమలు చూశావా?’ నా దగ్గర జవాబు లేదు. ఆ నర్సు వెళ్ళి చూస్తే పెద్దావిడ మడమ ఎర్రగా ఉంది. వేలితో నొక్కి తీస్తే ఎరుపు పోలేదు. మనం చదువుకున్నాంగా, నొక్కినా తెల్లబడని ఎరుపంటే పుండు మొదలైనట్టే. పొద్దున నేనే తుడిచి ఉంటే కనపడేది. పాపం, ఆ ట్రైనీ పిల్లకి అప్పటికి మూడు వారాలు, ఆమెకేం తెలుస్తుంది.

అప్పుడర్థమైంది, ఇక్కడి నర్సు పేషెంటుని చూసేది తుడిచేటప్పుడేనని. మన దగ్గర రౌండ్స్‌లో చూస్తాం, మానిటర్‌లో చూస్తాం. వీళ్ళు ఆ పదిహేను నిమిషాల్లో అన్నీ చూసేస్తారు. ఊపిరి ఎలా ఉంది, కూర్చోబెడితే తల తిరుగుతోందా, నిన్నటికంటే ఎడమ చెయ్యి బలహీనంగా ఉందా, రాత్రి ఎవరి మీదైనా బెంగ పెట్టుకున్నాడా, అన్నీ. ఇంకో సంగతి, 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నర్సింగ్ వృత్తి చట్టం నాలుగో సెక్షన్ ఒకసారి చదువు. పేషెంటుకి ఎలాంటి సంరక్షణ కావాలో తేల్చడం, దాన్ని ప్లాన్ చేసి నడిపించడం, దాని నాణ్యత చూడడం, ఈ మూడూ రిజిస్టర్డ్ నర్సు మాత్రమే చెయ్యాలి. వేరేవాళ్ళకి ఆ పని అప్పజెప్పే హక్కు యజమానికి కూడా లేదు. కాన్యులా డాక్టరు దగ్గర ఉండొచ్చు, ఇది మాత్రం మనది. మన దగ్గర కాన్యులా మనది, కానీ పేషెంటుని రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలా వద్దా అన్నది కూడా నేను చేసిన చోట డాక్టర్ ఆర్డర్‌లో రాస్తేనే జరిగేది. ఏది పెద్ద, ఏది చిన్న అని నేనిప్పుడు తేల్చలేను.

రెండోది ఇంకా గట్టి దెబ్బ. డిగ్రీ గుర్తింపుకి నేను అడాప్టేషన్ కోర్సు (తక్కువైన భాగాలు వార్డుల్లో చేసి పూర్తి చేసుకునే దారి) కాకుండా పరీక్ష దారి ఎంచుకున్నా, తొందరగా అయిపోతుందని. ప్రాక్టికల్‌లో ఫెయిలయ్యా! పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకి పొద్దుటి సంరక్షణ చెయ్యాలి. నేను ఎంత శ్రద్ధగా చేశానంటే, సొంత తాతకి కూడా అలా చేసి ఉండను. మొహం కడిగా, పళ్ళు తోమా, తల దువ్వా, చొక్కా బొత్తాలు పెట్టా. ఆయన్ని వేలు కూడా కదపనివ్వలేదు. పరీక్ష పెట్టినావిడ చివర్లో అడిగింది, ‘ఆయన కుడిచెయ్యి పనిచేస్తుంది కదా, మొహం ఆయన ఎందుకు కడుక్కోలేదు?’ నేనన్నా, ‘ఆయన పెద్దాయన, నేనుండగా ఆయనెందుకు కష్టపడాలి?’ ఆవిడ పెన్ను కింద పెట్టి, ‘మీరు ఇంటికి వెళ్ళిపోతారు. రేపు ఆయన కూడా ఇంటికి వెళ్ళాలి. అక్కడ ఎవరు కడుగుతారు?’ అంది.

చూడు, మనకి సేవ అంటే ఎదుటివాడిని కూర్చోబెట్టి మనం చెయ్యడం. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు తనంతట తాను తెచ్చుకుంటే కోడలికి తలవంపులు. ఇక్కడ గ్లాసు ఆయన చేతికి అందేంత దూరంలో పెట్టి, వణికినా సరే ఆగి చూడడం సేవ. ఆ ఆగడం ఉందే, నాకు మలం తుడవడం కంటే అదే కష్టమైంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. నిజంగా కట్టుకునేదాన్ని. ఆయన చొక్కా బొత్తం పెట్టుకోడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, మనసు ‘నేను పెట్టేస్తా’ అని పీకుతుంది.

రెండోసారి రాసుకోవచ్చు కాబట్టి బతికిపోయా. ఈసారి తువ్వాలు తడిపి పేషెంటు చేతికిచ్చా, అద్దం ముందు పెట్టా, నేను వీపు, ఎడమ చెయ్యి మాత్రమే తుడిచా. చేసే ప్రతి పనీ ముందే నోటితో చెప్పా, ‘ఇప్పుడు ఎడమ చెయ్యి తుడుస్తా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయా’ అని. ఇంకో చిన్న మాట, నీకు పనికొస్తుంది. కళ్ళు తుడిచేటప్పుడు మనకి నేర్పింది ముక్కు వైపు మూల నుంచి బయటికి. నాకు ఇక్కడ నేర్పింది బయటి మూల నుంచి ముక్కు వైపుకి. చేతికి అలవాటైన పని కదా, అదే ముందు తప్పుతుంది. మీ ట్రైనర్‌ని అడిగి ఎలా అయితే అలా చేసుకో.

ఇక హేబెన్ సంగతి. అది నీ తప్పు కాదు, క్లాసు తప్పూ కాదు. నువ్వున్నది ష్వేబిష్ (అక్కడి జర్మన్ యాస) మాట్లాడే చోటు. వాళ్ళకి హేబెన్ అంటే పట్టుకోవడం. ఎత్తమనాలంటే ‘లుప్ఫెన్’ అంటారు. బెర్లిన్ నుంచి వచ్చిన జర్మన్ నర్సు కూడా అదే పొరపాటు చెయ్యొచ్చు. ‘ఫూస్’ కూడా రాసుకో. పుస్తకంలో పాదం, వీళ్ళ నోట తుంటి దాకా మొత్తం కాలు. ‘ఫూస్ నొప్పి’ అంటే సాక్స్ విప్పి చూస్తూ కూర్చోకు, మోకాలు కావచ్చు, తొడ కావచ్చు. ఇది మాత్రం మనకి సులువే, మనమూ ‘కాలు నొప్పి’ అని అంతటికీ ఒకటే మాట అంటాంగా! నాకైతే ఆరోజు ఈ ముసలాళ్ళు మన పల్నాడు వాళ్ళలాగే అనిపించారు.

అంకెలు జాగ్రత్త. నలభై అయిదుని వీళ్ళు ‘అయిదూ నలభై’ అంటారు. ఫోన్‌లో ల్యాబ్ రిజల్ట్ చెప్తుంటే 54 రాసి పెట్టావనుకో, అది షుగర్ అయితే ఏం జరుగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నేను ఒక్కో అంకె విడిగా తిరిగి చెప్తా, ‘నాలుగు, అయిదు’ అని. ఎనిమిదేళ్ళుగా ఇదే. ఎవరూ నవ్వరు.

‘యా అనకు’ అన్న మీ సీనియర్ మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. మన దగ్గర అందరి ముందూ అంటే అవమానం. ఆవిడ లెక్కలో అది పని గురించిన మాట, మధ్యాహ్నానికి మర్చిపోయి ఉంటుంది. నువ్వే వారంగా మోస్తున్నావు. అయితే అందరూ ఇలాగే ఉంటారని చెప్పను. మా పాత వార్డులో ఒకావిడ నేను మాట్లాడితే కావాలని ‘ఏంటి? ఏంటి?’ అనేది, పక్కవాళ్ళకి అర్థమయ్యేది, ఈవిడకొక్కదానికే కాదు. అది వేరే జబ్బు, దానికి మన మైండ్‌సెట్ మందు కాదు.

కడపోడు_డబ్లిన్:

నైట్‌డ్యూటీ అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. నేను జర్మనీలో మూడేళ్ళు నర్సుగా చేసి ఇక్కడికి వచ్చినోణ్ణి.

అన్నిటికీ మనసే మార్చుకోవాలంటే యజమానులకి పండగ. చెల్లమ్మా, ముందు నీ కాగితం తీసి చూడు. గుర్తింపు ఇచ్చే ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చి ఉంటాది, నీ చదువులో ఏయే భాగాలు తక్కువున్నాయో, ఏ వార్డులో ఎన్ని గంటలు చెయ్యాలో అందులో ఉంటాది. నువ్వు అడాప్టేషన్ కోర్సులో ఉంటే దానికి ఒక ప్లాన్ ఉండాల, నీకు నేర్పడానికి ఒక ప్రాక్టికల్ ట్రైనర్ ఉండాల. ఏడు నెలల్లో ఎన్నిసార్లు ఆమె నీ పక్కన నిలబడి నేర్పింది? ఒకే వార్డులో వేసి మనుషులు తక్కువున్న చోటంతా నీతో ఖాళీ పూడ్చుకుంటా ఉంటే అది నీ మైండ్‌సెట్ సమస్య కాదు. నాకు అట్లే చేసినారు. అయిదు నెలలు అక్క చెప్పినట్టు ‘నేర్చుకుంటున్నా’ అనుకుంటా ఉన్నా, తీరా చూస్తే నా గంటల పట్టికలో సర్జరీ వార్డు కింద ఒక్క గంట కూడా పడలేదు. ఉద్యోగుల కౌన్సిల్‌కి పోయి రాసిచ్చినాక రెండు వారాల్లో కదిలింది. ఉత్తరం రాసేటప్పుడు బాధలు రాయొద్దు. తేదీలు, గంటలు రాయి. వాళ్ళకి అదే అర్థమయ్యే భాష.

ఐర్లాండ్ గురించి అడిగినావు. ఇంగ్లీషు సుఖం, అది ఒప్పుకుంటా. కానీ ఒళ్ళు తుడిచే పని ఇక్కడా ఉంది, యూకేలోనూ ఉంది. కేర్ అసిస్టెంట్లు ఉంటారు, వాళ్ళు లేని పూట నర్సే చేస్తాది. దాని కోసమే వస్తానంటే రావద్దు. పైగా కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే కోర్సు ఖర్చు తిరిగి కట్టాలని ఉందేమో చూసుకో. గుర్తింపు పత్రం చేతికి రాకుండా కదిలితే ఏడాదిన్నర జర్మన్ చదువు గంగలో కలిసినట్టే. ఆ పత్రం వచ్చి, స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద మూడేళ్ళు చేస్తే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చెయ్యొచ్చు. 2024 మార్చికి ముందు అది నాలుగేళ్ళు.

నేనెందుకు వచ్చేసినా అంటావా? నా భార్యకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. అంతే, పెద్ద కథ లేదు.

ఓరుగల్లు_పిల్ల:

అక్కా, అన్నా, రెండుసార్లు చదివా. ఒకసారి బస్సులో, ఒకసారి ఇప్పుడు.

అన్న చెప్పిన ఉత్తరం తీసి చూశా. పిల్లల వార్డు, సైకియాట్రీ రెండూ అందులో ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్క వార్డులోనే ఉన్నా. ట్రైనర్ నా పక్కన ఉన్న రోజులు క్యాలెండర్‌లో లెక్కపెడితే పదకొండు. సోమవారం ఆమెనే ముందు అడుగుతా, కౌన్సిల్ దాకా పోయే అవసరం ఉందో లేదో తర్వాత చూస్తా. ఆమె మంచిదే, నేనే ఎప్పుడూ అడగలేదు. అడిగితే పని రాదనుకుంటారేమోనని భయం.

అక్కా, చేతులు వెనక్కి కట్టుకోవడం గురించి రాశారు కదా, నవ్వొచ్చింది, తర్వాత గుర్తొచ్చింది. తాత (హేబెన్ తాతే) రోజూ నేను గడ్డం దగ్గరికి తువ్వాలు తెస్తే మొహం పక్కకి తిప్పుకుంటాడు. నేనంటే ఇష్టం లేదనుకున్నా. నల్లగా ఉన్నానని కూడా అనుకున్నా, అబద్ధం చెప్పను. నిన్న తువ్వాలు ఆయన చేతికిచ్చి నిలబడ్డా. తుడుచుకున్నాడు. చెవుల వెనక కూడా తుడుచుకున్నాడు. తర్వాత ఏదో అన్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈసారి యా అనలేదు. అర్థం కాలేదన్నా. ఆయన ఇంకా గట్టిగా అదే మాట అన్నాడు :( గట్టిగా చెప్తే అర్థమవుతుందనుకుంటారు ఇక్కడ కూడా.

ఇలాంటప్పుడు ఏం అనాలి? ఇంకోటి, ‘మీరే కడుక్కోండి’ అంటే తెలుగులో విసుక్కున్నట్టు ఉంటుంది. జర్మన్‌లో మర్యాదగా ఎలా?

నైట్‌డ్యూటీ_అక్క:

రాసుకో. ‘మ్యోష్‌టెన్ జీ ఈర్ గెజిష్ట్ జెల్ప్‌స్ట్ వాషెన్?’ మొహం మీరే కడుక్కుంటారా అని. ప్రశ్నలా అడుగు, తువ్వాలు చాపి అడుగు. కాదంటే నువ్వు కడుగు, అది కూడా ఆయన ఇష్టమే.

అర్థం కానప్పుడు ‘క్యోనెన్ జీ ఎస్ మీర్ త్సైగెన్?’ అను. నాకు చూపిస్తారా అని. మళ్ళీ చెప్పమంటే గట్టిగా చెప్తారు, చూపించమంటే చేత్తో చూపిస్తారు.

అమ్మ సంగతి నువ్వు రాయలేదు, నేను అడగను. మా అమ్మకి నేను రెండేళ్ళు చెప్పలేదు. తీరా చెప్పాక ఆవిడ అన్న మొదటి మాట ‘గ్లౌజులు ఇస్తారా?’ అని.

కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకున్నావా? ష్టుట్‌గార్ట్‌లో శ్రీలంక తమిళుల కొట్లు ఉంటాయి, ఒకేసారి ఎక్కువ తెచ్చుకుని ఫ్రీజర్‌లో పడేసుకో. పోపు పెట్టేటప్పుడు కిటికీ బార్లా తెరువు, పొగ అలారం మోగిందంటే కింద ఫ్లాటు ముసలాయనకి నువ్వు సంజాయిషీ చెప్పుకోవాలి, అదీ ష్వేబిష్‌లో.

ఓరుగల్లు_పిల్ల:

అలారం ఆల్రెడీ రెండుసార్లు మోగింది అక్కా. కింద ఉండేది ముసలాయన కాదు, ముసలామె. రెండోసారి పైకి వచ్చి ఏం వండుతున్నావని అడిగింది, పప్పుచారు పెట్టా, తాగి వెళ్ళింది.

రెండు వాక్యాలూ అరచేతిలో రాసుకున్నా. రేపు పొద్దున డ్యూటీ, 5:12కి బస్సు. పడుకుంటా.